లూసర్న్‌లో బుర్బాకీ పనోరమా, సరిహద్దులో లె వెరియేర్

స్విట్జర్లాండ్‌లోని లూసర్న్ వెళ్లిన మనవాళ్లు చెక్క వంతెన, రాతిలో చెక్కిన సింహం చూసి టిట్లిస్ మంచుకొండ దారి పడతారు. ఆ సింహానికి కాస్త దూరంలోనే ఉన్న బుర్బాకీ పనోరమాను చాలామంది పట్టించుకోరు. నన్నడిగితే లూసర్న్‌లో ముందు చూడాల్సింది అదే. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే టికెట్ కూడా అక్కర్లేదు.

గుండ్రటి హాలు చుట్టూ 112 మీటర్ల పొడవున ఒకే బొమ్మ: 1871లో జర్మన్లతో యుద్ధంలో ఓడిన ఫ్రెంచ్ జనరల్ బుర్బాకీ సైన్యం లె వెరియేర్ దగ్గర సరిహద్దు దాటి స్విట్జర్లాండ్‌లోకి వస్తున్న దృశ్యం. ముందు నిలువెత్తు సైనికుల బొమ్మలు పెట్టడంతో మంచు ఎక్కడ ఆగిందో, కాన్వాసు ఎక్కడ మొదలైందో తెలియదు. 1881లో దీన్ని గీసిన చిత్రకారుడు ఎడ్వార్ కాస్త్ర్ ఆ యుద్ధంలో రెడ్‌క్రాస్ వాలంటీర్. అందుకే ఇందులో వీరత్వం లేదు, చలికి వణికే మనుషులూ బక్కచిక్కిన గుర్రాలే.

1871 జనవరి 28న ఫ్రాన్స్, జర్మనీల మధ్య కుదిరిన కాల్పుల విరమణ తూర్పున ఉన్న ఈ ఫ్రెంచ్ సైన్యానికి వర్తించలేదు. జనరల్ బుర్బాకీ అప్పటికే తనను తాను కాల్చుకుని బతికిపోయాడు. పగ్గాలు జనరల్ క్లాంషాన్ చేతికొచ్చాయి. వెనక జర్మన్లు, ముందు స్విస్ సరిహద్దు. ఫిబ్రవరి 1న లె వెరియేర్‌లో స్విస్ జనరల్ హెర్ట్సోగ్‌తో ఒప్పందం చేసుకున్నాడు. సుమారు 87,000 మంది ఆయుధాలు పడేసి లోపలికొచ్చారు. అధికారుల కత్తులు వాళ్ల దగ్గరే ఉంచారు. మిగతా ఆయుధాలు మాత్రం శాంతి కుదిరి, ఖర్చుల లెక్క తేలాకే ఫ్రాన్స్‌కు తిరిగివ్వాలని రాసుకున్నారు. అంటే తుపాకులు తాకట్టు అన్నమాట! సరిహద్దులో హెర్ట్సోగ్ సైనికులే అంతంతమాత్రంగా ఉన్నప్పుడు అలాంటి షరతు ఒప్పించడం మామూలు విషయం కాదు. తర్వాత ఫ్రాన్స్ దాదాపు 1.2 కోట్ల ఫ్రాంకులు కట్టింది. వచ్చినవాళ్లను దాదాపు అన్ని కాంటన్లకూ (మన రాష్ట్రాల్లాంటివి) పంచారు, మార్చిలో ఇళ్లకు పంపారు.

లె వెరియేర్ చిన్న పల్లె. లూసర్న్‌లాంటి హంగులేవీ ఆశించకండి. న్యూషటెల్ నుంచి ఫ్లూరియే దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. తిరుగు బస్సు టైము ముందే చూసుకోకపోతే చలిలో టెన్షన్ తప్పదు. చరిత్ర మీద ఆసక్తి లేనివాళ్లకు ఈ ప్రయాణం దండగే.

బస మాత్రం న్యూషటెల్‌లో బాగుంది. సరస్సు పక్కన నడక, హోటల్లో ఇచ్చిన టూరిస్ట్ కార్డుతో బస్సులు, రైళ్లు ఉచితం. లూసర్న్ స్టేషన్ దగ్గర మేం దిగిన హోటల్ గదిలో పెట్టె తెరిస్తే నడవడానికి చోటు లేదు, రేటు చూస్తే కళ్లు తిరిగాయి. తిండికి మిగ్రోస్, కోప్ సూపర్‌మార్కెట్లలో పెరుగు, బ్రెడ్డు, పళ్లు కొనుక్కుంటే నయం. కుళాయి నీళ్లే తాగొచ్చు.