బీటెక్ బయోటెక్నాలజీ: చదివి, అదే రంగంలో కొన్నేళ్లు పనిచేశాక

నీట్ ఫలితాలు వచ్చాయంటే మా చుట్టాల్లో ఎవరో ఒకరి ఫోన్ ఖాయం. "అమ్మాయికి ఎంబీబీఎస్ వచ్చేలా లేదమ్మా, బయోటెక్‌లో చేర్పిద్దామా? నువ్వు చదివావు కదా, ఎలా ఉంటుంది?" అని. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నేను హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో ఈ డిగ్రీ చేశాను. తర్వాత ఎంటెక్ చేసి, ఇప్పుడు హైదరాబాద్ దగ్గర మందుల, టీకాల కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలో ఒక కంపెనీలో ప్రాసెస్ డెవలప్‌మెంట్ (ల్యాబులో కుదిరిన పద్ధతిని ప్లాంటుకు సరిపడేలా మలిచే) పనిలో ఉన్నాను.

డాక్టర్ సీటు రానివాళ్లు సర్దుకుపోయే చదువు అనుకుని చేరితే రెండో ఏడాదికే విసుగొస్తుంది. ఇది ఇంజనీరింగ్. మందులు, టీకాలు తయారయ్యే ట్యాంకు లోపల ఉండేవి జీవకణాలే గానీ, వాటి చుట్టూ ఉండేదంతా పంపులు, వాల్వులు, వేడి, ఆక్సిజన్, లెక్కలు. నాకు ఉద్యోగంలో అక్కరకొచ్చింది ఆ లెక్కల భాగమే. కాలేజీలు సరిగ్గా చెప్పనిదీ, పిల్లలు ఎలాగోలా గట్టెక్కితే చాలనుకునేదీ కూడా అదే.

పేరు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఐఐటీ మద్రాసులో బయలాజికల్ ఇంజనీరింగ్, ఐఐటీ ఢిల్లీలో బయోకెమికల్ ఇంజనీరింగ్ అండ్ బయోటెక్నాలజీ, వరంగల్ నిట్‌లో, మన ప్రైవేటు కాలేజీల్లో బయోటెక్నాలజీ. ఐఐటీ, నిట్ కావాలంటే జేఈఈ రాయాలి, అంటే మ్యాథ్స్ తప్పదు. రాష్ట్ర కాలేజీల్లో మాత్రం ఈఏపీసెట్ మీద బైపీసీ వాళ్లకూ సీట్లు ఉంటాయి. బైపీసీ చదివి బీటెక్ చేయడానికి ఉన్న కొద్ది దారుల్లో ఇదొకటి.

దాంతో మొదటి ఏడాది క్లాసులో రెండు గుంపులు తయారవుతాయి. మైటోకాండ్రియా అనగానే బైపీసీ వాళ్లు నిద్రలోనైనా చెప్పేస్తారు. ఇంటిగ్రేషన్ అనగానే వాళ్ల ముఖాలు వాడిపోతాయి. ఎంపీసీ వాళ్లది సరిగ్గా దీనికి తిరగేసిన పరిస్థితి. బైపీసీ వాళ్లకు మ్యాథ్స్ బ్రిడ్జ్ కోర్సు అని పెడతారు. మా కాలేజీలో అది సాయంత్రం చివరి పీరియడ్. సగం మంది కాలేజీ బస్సు వెళ్లిపోతుందని లేచిపోయేవాళ్లు, మిగిలినవాళ్లకు సార్ సూత్రాలు బోర్డు మీద రాసి వెళ్లిపోయేవారు. ఇంటర్ రెండేళ్ల మ్యాథ్స్‌ని అలా నేర్పడం కుదరదు. నేను బైపీసీనే. ఎంపీసీ చదివిన నా రూమ్మేట్ హాస్టల్లో రాత్రిళ్లు కూర్చోబెట్టి డిఫరెన్షియల్ ఈక్వేషన్లు చెప్పకపోయి ఉంటే మూడో ఏడాది సబ్జెక్టులు నాకు అర్థమయ్యేవి కావు. బదులుగా నేను తనకు బయోకెమిస్ట్రీ చెప్పేదాన్ని. గ్లైకాలిసిస్ మెట్లు తనకు ఇప్పటికీ గుర్తున్నాయట. పని మాత్రం సాఫ్ట్‌వేర్‌లో.

రెండో ఏడాదిలో బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీతో పాటు ప్రాసెస్ కాలిక్యులేషన్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, థర్మోడైనమిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ వస్తాయి. బ్యాక్‌లాగులు మిగిలేది వీటిలోనే. ట్యాంకులోకి ఎంత వెళ్లింది, ఎంత బయటికొచ్చింది, తేడా ఎక్కడికి పోయింది అన్న మెటీరియల్ బ్యాలెన్స్ చూడ్డానికి చాలా చిన్న విషయం. కానీ ఉద్యోగంలో నేను ప్రతి వారం చేసే లెక్క అదే. సెల్ బయాలజీ, ఇమ్యునాలజీ బాగానే చెప్పేవాళ్లు, చదవడానికి ఆసక్తిగానే ఉంటాయి. వాటి గురించి ఇంతకన్నా రాయను, ఎందుకంటే ఆ భాగం మంచి ఎమ్మెస్సీలో ఇంకా బాగా దొరుకుతుంది.

మూడో ఏడాదిలో బయోప్రాసెస్ ఇంజనీరింగ్, అంటే జీవకణాలను ట్యాంకుల్లో పెంచి వాటితో పని చేయించుకునే చదువు, మొదలవుతుంది. నా లెక్కలో ఈ డిగ్రీ ప్రాణమంతా అందులోనే ఉంది. ఒక ఉదాహరణ చెప్తాను. ఈ.కోలి బ్యాక్టీరియా మంచి ఆహారం దొరికితే 20 నిమిషాలకు రెట్టింపవుతుంది. ఫ్లాస్కులో, షేకర్ మీద హాయిగా పెరుగుతుంది. మరి వెయ్యి లీటర్ల ట్యాంకులో దట్టంగా పెంచాలంటే? లీటరు నీటిలో గాలి నుంచి కరిగే ఆక్సిజన్ ఏడెనిమిది మిల్లీగ్రాములే. దట్టంగా పెరిగిన ఈ.కోలి గంటకు లీటరుకు 100 మిల్లీమోళ్ల ఆక్సిజన్, అంటే 3.2 గ్రాములు, లాగేసుకోగలదు. భాగించి చూడండి: కరిగి ఉన్న ఆక్సిజన్ పది సెకన్లకు కూడా సరిపోదు. అందుకే గాలిని కింద నుంచి ఊదుతూనే ఉండాలి, బుడగల్ని రెక్కలతో చిన్నచిన్నగా చిదుపుతూనే ఉండాలి. ఆక్సిజన్ ఎంత వేగంగా నీళ్లలోకి వెళ్తోందో చెప్పే అంకెను కేఎల్ఏ అంటారు. పరీక్షలో పది మార్కుల ప్రశ్న, ఉద్యోగంలో రోజువారీ మాట.

ఆక్సిజన్ తీసుకున్న కణాలు వేడిని వదులుతాయి. ఒక మోల్ ఆక్సిజన్‌కు దాదాపు 460 కిలోజౌళ్లు. పైన చెప్పిన ట్యాంకుకు లెక్కేస్తే 13 కిలోవాట్ల దాకా వస్తుంది, బాత్రూమ్ గీజర్లు ఆరింటిని ఒకేసారి ఆన్ చేసినట్టు. ఆ వేడినంతా బయటికి లాగుతూ లోపల 37 డిగ్రీలు కదలకుండా ఉంచాలి. పైగా ట్యాంకు కొలతలు రెట్టింపు చేస్తే లోపలి ద్రవం ఎనిమిది రెట్లవుతుంది, చల్లబరచడానికి పనికొచ్చే గోడ మాత్రం నాలుగు రెట్లే పెరుగుతుంది. ఫ్లాస్కులో బంగారంలా పనిచేసిన స్ట్రెయిన్ (బ్యాక్టీరియా రకం) ప్లాంటులో మొరాయించేది ఇలాంటి చోట్లే. ఈ లెక్క అర్థమైన రోజు, ఇన్నాళ్లూ విడివిడిగా చదివిన హీట్ ట్రాన్స్‌ఫర్, మైక్రోబయాలజీ ఒకే సబ్జెక్టని తెలిసొచ్చింది.

మా పాఠాల్లో పెన్సిలిన్ అంటే 1928, ఫ్లెమింగ్, అంతే. కనిపెట్టాక దాన్ని మందుగా అందరికీ అందించడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టిందనీ, ఆ బూజును లోతైన ట్యాంకుల్లో గాలి ఊదుతూ పెంచే పద్ధతి కుదిరాకే అది సాధ్యమైందనీ ఎవరూ చెప్పలేదు. బ్రూక్లిన్‌లో ఫైజర్ ప్లాంటు 1944లో అలాగే మొదలైంది. పెన్సిలిన్‌ను పెద్ద ఎత్తున తయారుచేసే తొలి ప్లాంటు డిజైన్ చేసిన మార్గరెట్ హచిన్సన్ రూసో ఎంఐటీలో కెమికల్ ఇంజనీరింగ్ డాక్టరేట్ చేసిన ఇంజనీర్. ఆమె పేరు నేను ఎంటెక్‌కి వెళ్లాకే విన్నాను.

అంత దూరం ఎందుకు, హైదరాబాద్‌లోనే ఉంది కదా. శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చింది. దాని ప్రొటీన్ తయారయ్యేది పికియా అనే ఈస్టులో. 2021 చివర్లో అనుమతి వచ్చిన బయలాజికల్-ఇ వారి కోర్బివాక్స్ కూడా ఆ ఈస్టులో చేసిందే. భారత్ బయోటెక్ కోవాక్సిన్‌ది వేరే దారి: వీరో అనే కోతి కణాల్లో వైరస్‌ను పెంచి, దాన్ని నిర్జీవం చేయడం. పికియాకు మిథనాల్ పోసి ప్రొటీన్ చేయించే పద్ధతిలో ఆక్సిజన్ అవసరం, వేడి రెండూ విపరీతం. బోర్డు మీద గీసిన కేఎల్ఏ గ్రాఫుకు, పక్కవీధి పిల్లాడికి వేసే టీకాకు ఇంత దగ్గరి సంబంధం ఉంటే, కాలేజీ నుంచి గంట దూరంలో ఉన్న ప్లాంటుకు మమ్మల్ని ఒక్కసారైనా తీసుకెళ్లలేదు. ఇండస్ట్రియల్ టూర్ అని గోవా తీసుకెళ్లారు. బాగుందనుకోండి, అది వేరే సంగతి.

ల్యాబుల గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. ఆటోక్లేవ్ 121 డిగ్రీల దగ్గర, 15 పౌండ్ల ప్రెషర్‌తో ఎందుకు పెడతామో, శుభ్రమైన గాలి వీచే లామినార్ బల్లలో చేయి ఎలా కదపాలో, ప్లేటు మీద బ్యాక్టీరియాను గీతలుగా పూసే స్ట్రీకింగ్ ఎలా చేయాలో బాగా వచ్చింది. మైక్రోబయాలజీ మేడమ్ కంటామినేషన్ వచ్చిన ప్లేటు పారేయనిచ్చేవారు కాదు, ఎక్కడ నుంచి వచ్చిందో చెప్పాకే పారేయాలి. ఆ అలవాటు ఇప్పటికీ నాకు పనికొస్తోంది. డీఎన్‌ఏ నకళ్లు తీసే పీసీఆర్‌కు మాత్రం ఒక్క మెషీన్, ఆరుగురికి ఒక ట్యూబు. ఒకరు పిపెట్ పట్టుకుంటే ఐదుగురు చూడ్డమే. వాడిన టిప్పులు కడిగి మళ్లీ వాడేవాళ్లం. ఇక ఫెర్మెంటర్, అంటే కణాలను పెంచే ట్యాంకు. గాజు పాత్రతో చిన్నది, ముచ్చటైనది ఉండేది. దాని మీద ప్లాస్టిక్ కవరు. ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు కవరు తీసి, నీళ్లు పోసి, తిప్పి చూపించేవాళ్లు. కేఎల్ఏ ప్రయోగం రీడింగులు సీనియర్ల రికార్డు నుంచే తరతరాలుగా దిగుమతి. మా తర్వాతి బ్యాచ్‌కి నా రికార్డు వెళ్లిందని విన్నాను, దస్తూరి బాగుంటుందని.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును డబ్బులిచ్చి బయట చేయించుకోవడం కూడా మామూలే. ఏదో మొక్క ఆకు తెచ్చి రసం తీసి, అది బ్యాక్టీరియాను చంపుతుందని తేల్చిన రిపోర్టులు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని అలమారాల్లో ఉన్నాయో లెక్కలేదు. కనీసం ఈ ఒక్క విషయంలో మొండికేయండి. ప్రభుత్వ పరిశోధన సంస్థల్లో ప్రాజెక్టు కోసం శాస్త్రవేత్తలకు మెయిల్ పెడితే చాలామంది జవాబివ్వరు. ఒకరిద్దరు ఇస్తారు. ఒకరిస్తే చాలు.

ఉద్యోగాల సంగతికొస్తే, క్యాంపస్‌కు వచ్చేవి ఎక్కువగా ఐటీ కంపెనీలే, ఏ బ్రాంచి వాళ్లనైనా తీసుకుంటాయి. మా క్లాసులో చాలామంది అటే వెళ్లారు. హాయిగానే ఉన్నారు. ఈ రంగంలోనే ఉండాలంటే బీటెక్‌తో దొరికేవి క్యూసీ (నాణ్యత పరీక్షలు), క్యూఏ (నాణ్యత పర్యవేక్షణ), ప్రొడక్షన్. అక్కడ మీకు పోటీ ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ వాళ్లు, బీఫార్మసీ వాళ్లు. బీటెక్ అని ఎక్కువ జీతం ఇవ్వరు. ఎంటెక్‌కి ముందు నేను కొంతకాలం ప్రొడక్షన్‌లో చేశాను, జీతం నెలకు 20 వేలు కూడా లేదు, అందులోనూ షిఫ్టులు. అదే ఏడాది సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితులతో పోల్చుకుంటే కడుపుమంటే. మా పెదనాన్న అయితే, "నాలుగేళ్లు చదివి సీసాలు కడుగుతున్నావా తల్లీ?" అన్నారు. సీసాలు కాదు పెదనాన్నా, ట్యాంకులు కడుగుతున్నాను, అది కడిగినట్టు మూడు చోట్ల సంతకం కూడా పెడుతున్నాను అని చెప్పాను.

ఆ సంతకాల ప్రపంచం గురించి డిగ్రీలో ఒక్క ముక్క చెప్పరు. మందుల తయారీలో రాయని పని చేయనట్టే లెక్క. ఎస్‌ఓపీ (పని ఎలా చేయాలో రాసిన పత్రం), బ్యాచ్ రికార్డు, డీవియేషన్ (పద్ధతి తప్పితే రాసే నివేదిక), తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టి పక్కన సంతకం, తేదీ. క్లీన్‌రూమ్‌లోకి వెళ్లాలంటే గౌనింగ్‌కే, అంటే ప్రత్యేక దుస్తులు వేసుకోవడానికే, బోలెడంత సమయం. ఇది తెలియక చాలామంది చేరిన కొద్ది నెలలకే టెన్షన్ పడి మానేస్తారు. డిగ్రీ ఇవ్వని రెండోది స్టాటిస్టిక్స్. ప్రాసెస్ డెవలప్‌మెంట్‌లో ఉష్ణోగ్రత, పీహెచ్, ఫీడ్ అన్నీ కలిపి మార్చి చూసే ప్రయోగాలు డిజైన్ చేయాలి. కాలేజీలో బయోస్టాటిస్టిక్స్ అంటే మీన్, మీడియన్, కై-స్క్వేర్ దగ్గర ఆగిపోయింది. కొంచెం పైథాన్ కూడా నేర్చుకుంటే మీ పక్కవాళ్లకన్నా ముందుంటారు.

డిగ్రీ ఇచ్చింది కూడా చెప్పాలి కదా. ప్రొడక్షన్‌లో ఉన్నప్పుడు ఒక రాత్రి షిఫ్టులో డీఓ, అంటే కరిగిన ఆక్సిజన్, ఉన్నట్టుండి పడిపోయింది. ఆర్‌పీఎం, అంటే రెక్కలు తిరిగే వేగం, పెంచమని ఎస్‌ఓపీలో ఉంది, పెంచారు, అయినా లేవలేదు. నురగను అణిచే యాంటీఫోమ్ ఎక్కువ పడితే బుడగలు ఒకదాంతో ఒకటి కలిసి పెద్దవైపోయి కేఎల్ఏ పడిపోతుందని నాకు మూడో ఏడాది పాఠంలో గుర్తుంది. యాంటీఫోమ్ పంపు చూస్తే ఆగకుండా పోస్తోంది. బ్యాచ్ దక్కింది. ఆ రోజు నా పక్కనున్న సీనియర్‌కు నాకన్నా పదేళ్ల అనుభవం ఎక్కువ, పంపు వైపు చూడాలని మాత్రం తట్టలేదు.

ఎదగాలంటే పైచదువు దాదాపు తప్పనిసరి. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్‌లో బయోటెక్నాలజీకి విడిగా బీటీ పేపరుంది. దాన్ని మూడో ఏడాదిలోనే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అందులో ఇంజనీరింగ్ మ్యాథ్స్, బయోప్రాసెస్ లెక్కలు వస్తాయి కాబట్టి ఎమ్మెస్సీ వాళ్లకన్నా మనకు వీలెక్కువ. గేట్‌తో ఎంటెక్ చేరితే నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది. గ్యాట్-బి అనే పరీక్ష ఇంకొకటి, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ సాయంతో నడిచే పీజీ కోర్సుల కోసం. పీహెచ్‌డీ వైపు వెళ్తే జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ నెలకు 37,000. అమెరికా ఎమ్మెస్ గురించి అడుగుతారు. బోస్టన్ చుట్టుపక్కల, న్యూజెర్సీలో మనవాళ్లు ఈ రంగంలో బాగానే ఉన్నారు. కానీ అప్పు చేసి వెళ్లేముందు, ఇక్కడ కనీసం ఏడాది ప్లాంటులోనో ల్యాబులోనో పనిచేసి, ఇది నచ్చుతుందో లేదో తేల్చుకోండి.

ఇంట్లో ఎంపీసీ పిల్లలు ఉండి, మంచి కాలేజీలో కెమికల్ ఇంజనీరింగ్ సీటు వస్తుంటే, నేనైతే దాంట్లోనే చేర్పిస్తాను. బయాలజీ తర్వాత ఎంటెక్‌లో నేర్చుకోవచ్చు, ట్రాన్స్‌పోర్ట్ పాఠాలు, అంటే ద్రవాలు, వేడి ఎలా కదులుతాయో చెప్పేవి, తర్వాత నేర్చుకోవడం కష్టం. ఐఐటీ, నిట్‌లో బయోటెక్ వస్తే అది వేరే మాట, అక్కడ ల్యాబులు నడుస్తాయి. బైపీసీ పిల్లలకు కెమికల్ దారి లేదు కాబట్టి వాళ్లకు ఇదే దారి. చేరేలోపు వేసవిలో డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, లాగరిథమ్‌లు ఎవరి దగ్గరైనా కూర్చుని నేర్చుకోమనండి, బ్రిడ్జ్ కోర్సును నమ్ముకోవద్దు. కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్ బ్రోషర్ పక్కన పెట్టి, బయోప్రాసెస్ సబ్జెక్టు ఎవరు చెప్తున్నారో, ఆయన చదివింది కెమికలా, బయాలజీనా అని అడగండి. పోయినేడు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు ఎన్ని ఆ కాలేజీ ల్యాబులోనే చేశారో కూడా అడగండి. సమాధానం చెప్పడానికి వాళ్లు తడుముకుంటే ఇంకో కాలేజీ చూసుకోండి.