6×8 పాలికార్బొనేట్ గ్రీన్‌హౌస్ కిట్: తిరుపతి మిద్దె మీద నిలబెట్టాలంటే

ఆన్‌లైన్‌లో అట్టపెట్టెల్లో వచ్చే 6×8 అడుగుల గ్రీన్‌హౌస్ కిట్ల తీరు ఇంచుమించు ఒకటే. అల్యూమినియం చట్రం, 4 మి.మీ. మందం ఉన్న రెండు పొరల పాలికార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) షీట్లు, పక్కకు జరిపే తలుపు, పైకప్పులో ఒక కిటికీ, అడుగున పలచటి జీఐ (జింకు పూత పూసిన ఇనుప) రేకు చట్రం. మెచ్చుకోవాల్సింది ముందు చెప్పేద్దాం. చట్రం తుప్పు పట్టదు, షీట్లు గాజులా పగలవు, పానా పట్టడం తెలిసిన ఇద్దరు రెండు రోజుల్లో నిలబెట్టేయొచ్చు. అయితే దీన్ని తయారు చేసింది చలిదేశాల కోసం. వేడిని లోపల పట్టి ఉంచడమే దాని పని. తిరుపతిలో మనకు కావలసింది దానికి పూర్తిగా ఎదురు. కిట్‌తో వచ్చిన కాగితం చెప్పినట్టే బిగిస్తే మే నెలలో మొక్కలు మాడతాయి, నవంబర్ గాలికి కప్పు లేస్తుంది. ఆ కాగితాన్ని ఎక్కడ పక్కన పెట్టాలో తెలిసినవాళ్లకు మాత్రం ఇది మంచి సరుకు.

చోటు ఎంచుకునేటప్పుడు మెట్ల గది ఎటువైపు ఉందో చూడండి. దానికి తూర్పున పెడితే మధ్యాహ్నం మూడు దాటాక పడమటి ఎండ తగలదు. వేసవిలో మొక్కల్ని కాపాడేది ఆ నీడే. తలుపు దక్షిణానికి ఉంచండి, ఈశాన్య రుతుపవనాల గాలి నేరుగా లోపలికి కొట్టదు.

సగం పని అడుగు చట్రంలోనే ఉంది. మిద్దెకు తూము వైపు వాటం ఉంటుంది. నూటికి ఒకటి వాటమున్నా 8 అడుగులకు దాదాపు అంగుళం తేడా వస్తుంది. లెవెల్ ట్యూబుతో (నీళ్లు నింపిన గొట్టంతో) చూసి, పల్లం వైపు ప్లాస్టిక్ ముక్కలు గానీ రాతిపలకలు గానీ పెట్టి ఎత్తు సరిచేయాలి. తర్వాత మూలమట్టం. 6, 8 అడుగుల భుజాలకు ఎదురెదురు మూలల మధ్య దూరం సరిగ్గా 10 అడుగులు. కిట్ అసలు కొలత ఒకటి రెండు అంగుళాలు అటూ ఇటూ ఉండొచ్చు కాబట్టి, రెండు ఐమూల కొలతలూ ఒకటేనా అన్నదే చూడండి. 5 మి.మీ. మించి తేడా ఉంటే అక్కడే ఆగి సరిచేయండి. ఈ తప్పు చట్రం కట్టేటప్పుడు కంటికి కనిపించదు. షీట్లు ఎక్కించేటప్పుడు బయటపడుతుంది: ఒక పక్క షీటు గాడిలోకి దిగదు, ఇంకో పక్క సందు మిగులుతుంది, తలుపు సగంలో ఇరుక్కుంటుంది. నేల మీద కట్టేవాళ్లు నాలుగు మూలలా అడుగు వెడల్పు, అడుగున్నర లోతు గుంతలు తీసి కాంక్రీటు పోయించండి. పచ్చి సిమెంటు అల్యూమినియాన్ని తినేస్తుంది. రెండూ తాకేచోట తారు పెయింటు పూయాలి.

చట్రం బోల్టులు గాడిలో తల దూర్చి జరిపే రకం. ఒక్కో కమ్మీకి ఎన్ని కావాలో ముందే లెక్కపెట్టి దూర్చాలి, ఎందుకంటే రెండు చివరలూ కట్టేశాక మధ్యలో ఇంకొకటి వేయడానికి దారి ఉండదు. ప్రతి నిలువు కమ్మీలో రెండేసి అదనంగా వేసి పెట్టండి. రేపు అలమరకైనా, వేలాడే కుండీలకైనా, షేడ్‌నెట్ (ఎండను తగ్గించే వల) తాళ్లకైనా అవే ఆధారం. కిట్‌లో వచ్చినవి చాలవు. గాడి కొలత చూసుకుని అదే రకం బోల్టులు ఓ ఇరవై విడిగా తెప్పించుకోండి. మొదట అన్నీ చేతి బిగువుతోనే వదిలేయాలి. చట్రమంతా నిలబడి ఐమూల కొలతలు మళ్లీ చూశాకే 10 నంబరు పానా పట్టాలి. ఇవి అల్యూమినియం బోల్టులైతే ఇనుప బోల్టుకు ఇచ్చే బలం ఇవ్వకండి, మర పోతుంది.

ఎక్కువ మంది చెడగొట్టేది షీట్లను. షీటుకు ఒక్క వైపే యూవీ పూత, అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే పూత ఉంటుంది. అచ్చు అక్షరాలున్న ప్లాస్టిక్ పొర ఆ వైపునే అంటించి వస్తుంది. అది బయటికే ఉండాలి. తిరగేసి బిగిస్తే మన ఎండకు షీటు త్వరగా పసుపెక్కి పెళుసవుతుంది. బిగించే ముందు అంచుల దగ్గర రెండంగుళాలు మాత్రం పొర ఊడదీసి, ఏది బయటి వైపో లోపలి మూలన స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకుని, ఎక్కించిన రోజే మిగతాది లాగేయండి. ఎండలో వదిలేస్తే జిగురు కాలి అతుక్కుపోతుంది. షీటు రెండు పొరల మధ్య ఉండే సన్నటి గొట్టాలు నిలువుగా ఉండాలి. పై అంచుకు అల్యూమినియం టేపు, కింది అంచుకు గాలి ఆడే చిల్లుల టేపు వేయాలి. చాలా కిట్లలో ఈ టేపు ఉండనే ఉండదు. టేపు లేకుంటే ఆ గొట్టాల్లో చీమలు కాపురం పెడతాయి, పాచి పడుతుంది, దాన్ని కడిగే దారి లేదు. ఇంకొకటి: పాలికార్బొనేట్ మీటరుకు, ఒక్కో డిగ్రీకి 0.065 మి.మీ. చొప్పున సాగుతుంది. 2 మీటర్ల షీటు 40 డిగ్రీల తేడాకు 5 మి.మీ. పెరుగుతుంది. ఆ సందు వదలకుండా సిలికాన్‌తో గట్టిగా మూసేస్తే మధ్యలో ఉబ్బుతుంది. షీట్ల పని తెల్లవారి, గాలి లేనప్పుడు పెట్టుకోండి. గోడలు వేసి కప్పు వేయకుండా రాత్రికి వదలకండి. గాలి లేపేది అలాంటి సగం కట్టిన దాన్నే.

అసలు లోపం గాలి ఆడకపోవడం. కప్పు కిటికీల వైశాల్యం నేలలో 15 నుంచి 20 శాతం ఉండాలన్నది గ్రీన్‌హౌస్ పనిలో మామూలు లెక్క. 48 చదరపు అడుగులకు కనీసం 7 కావాలి. కిట్‌లో వచ్చేది 2×2 కిటికీ ఒక్కటి, అంటే 4. బయట 40 డిగ్రీలున్న రోజున మూసి ఉంచితే లోపల 50 దాటుతుంది. 35 దాటితేనే టమాటా పూత రాలిపోతుంది. రెండో కప్పు కిటికీ విడిగా దొరికితే కొనండి. దొరికినా దొరక్కపోయినా వెనక గోడ కింది షీట్లు రెండు వేయకుండా ఆపి, ఆ చోట 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలున్న) పురుగుల వల బిగించండి. చల్లగాలి కింద దూరి, వేడిగాలి పైనుంచి పోతుంది. వల గాలిని కొంత ఆపుతుంది కాబట్టి ఆ ఖాళీని పెద్దగానే వదలాలి. మైనం నింపిన సిలిండరుతో, వేడెక్కగానే కిటికీని దానంతటదే తెరిచే పరికరాన్ని ఇక్కడ కొనక్కర్లేదు. అది 15 నుంచి 25 డిగ్రీల మధ్య కదలడం మొదలుపెడుతుంది, మనకు ఏడాదిలో చాలా రాత్రులు కూడా అంత చల్లబడవు, కాబట్టి కిటికీ ఇంచుమించు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పైగా గాలివాన రోజున కిటికీకి గొళ్లెం పెట్టి, ఎండ వచ్చాక మరిచిపోతే సిలిండరు తోసి కొక్కేన్ని వంచేస్తుంది.

సగం ఎండను ఆపే 50 శాతం షేడ్‌నెట్ కప్పుకు అడుగు పైన, బయట కట్టాలి. లోపల కడితే ఎండ షీటు దాటి వచ్చేసినట్టే, వేడి లోపలే ఉండిపోతుంది. చిత్తూరు దాటి పలమనేరు, కుప్పం లాంటి ఎత్తైన ఊళ్లలో దాన్ని వేసవికే పరిమితం చేయొచ్చు.

గాలి లెక్క కూడా చూడండి. గంటకు 100 కి.మీ. గాలి చదరపు మీటరుకు 45 కిలోలకు పైగా ఒత్తిడి పెడుతుంది. 4.5 చదరపు మీటర్ల కప్పు మీద అది 200 కిలోలు దాటుతుంది. కిట్‌తో ఇచ్చే చిన్న మేకులు దీనికి ఏ మూలకూ చాలవు. మిద్దెకు డ్రిల్లు పెడితే వానాకాలంలో కారుతుంది. అందుకే అడుగు చట్రానికి లోపలి వైపు ఇనుప పట్టీలు బిగించి, వాటి మీద ఆరంగుళాల సాలిడ్ సిమెంటు ఇటుకలు పది పేర్చండి. ఒక్కోటి పాతిక కిలోలు దాటుతుంది. నాలుగు మూలల నుంచి పిట్టగోడకు ఉక్కు కేబుల్ లాగి కట్టండి. బరువు స్లాబు నడుమ కాకుండా కింద గోడ ఉన్నచోట పడాలి.

అలిపిరి, కపిలతీర్థం వైపు ఇళ్లవాళ్లకు కోతులతో ఇబ్బంది ఉంది. పైనుంచి దూకితే 4 మి.మీ. షీటు వంగి గాడిలోంచి ఊడుతుంది. షేడ్‌నెట్ కోసం నిలిపే పైపుల మీదే వెల్డ్‌మెష్ (వెల్డు చేసిన ఇనుప వల) పరిపిస్తే రెండు పనులూ అవుతాయి. 6 మి.మీ. షీటు దొరికే కిట్ ఉంటే ఇంకా మేలు.

ఆకుకూరలు, వంకాయలు పండించుకోవడానికే అయితే ఈ కిట్ అవసరం లేదు. వెల్డింగు షాపులో జీఐ పైపులతో షేడ్‌నెట్ పందిరి కట్టించుకుంటే తక్కువలో పోతుంది. జడివాన తగలకూడని ఆర్కిడ్లు, కాక్టస్‌లు, 98 గుంటల ప్రోట్రేల్లో (నారు పెంచే ప్లాస్టిక్ ట్రేల్లో) నారు, విత్తనానికి ఉంచే మొక్కలు, ఇవి పెంచేవాళ్లకు మాత్రం డబ్బుకు తగ్గ విలువ ఉంటుంది. కప్పు అంచున వాన గాడి ఉన్న కిట్ చూసి తీసుకోండి. 100 మి.మీ. వాన పడితే ఈ చిన్న కప్పు మీద నుంచే 450 లీటర్లు వస్తాయి, బోరు నీళ్లలా ఆకుల మీద తెల్ల మరకలు పడవు. డబ్బు కట్టే ముందు షీట్లు, తలుపు చక్రాలు విడిగా అమ్ముతారా అని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ముందు అరిగేవి ఆ చక్రాలే.