క్లే బార్ చేయించేవాళ్లు కారు వదిలేసి రావద్దు: కడపలో నాకు జరిగింది

కారుకు క్లే బార్ (పెయింట్‌కు అతుక్కున్న రేణువులను లాగేసే మెత్తని ముద్దతో రుద్దడం) చేయించాలనుకుంటున్నవాళ్లు ఇది చదివాకే షాపుకు వెళ్లండి. ముఖ్యంగా నల్ల కారు, ముదురు నీలం కారు ఉన్నవాళ్లు. నేను కట్టిన రెండున్నర వేలు పోతే పోయాయి. మూడేళ్లుగా ఒక్క గీత పడకుండా చూసుకున్న నల్ల కారు ఒక్క మధ్యాహ్నంలో పాడైంది. అదే బాధ.

నేను టీచర్ని. ఇల్లు కడపలో, స్కూలు ఎర్రగుంట్ల దగ్గర. రోజూ కమలాపురం మీదుగా పోయి రావాలి. ఆ రోడ్డు సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. సిమెంట్ లారీలు, బూడిద ట్యాంకర్లు, నాపబండల ట్రాక్టర్లు. సాయంత్రం ఇల్లు చేరేసరికి కారు మీద వేలితో పేరు రాయొచ్చు. మామూలు దుమ్మయితే నీళ్లకు పోతుంది. సిమెంట్ దుమ్ము అలా కాదు. రాత్రి మంచుకు తడిసి, పొద్దున ఎండకు ఆరి, పెయింట్‌కు అతుక్కుపోతుంది. షాంపూతో కడిగాక కూడా బానెట్ మీద చెయ్యి పెడితే ఉప్పుకాగితంలా గరుగ్గా తగిలేది.

దానికి మందు క్లే బార్ అని విని ఊళ్లో కార్లు శుభ్రం చేసి మెరుగుపెట్టే ఒక డీటైలింగ్ షాపుకు వెళ్లాను. పేరు రాయను. బోర్డు మీద 'క్లే బార్‌తో గీతలు మాయం' అని ఉంది. అది అబద్ధమని అప్పటికి నాకు తెలియదు. క్లే గీతలు తీయదు. పెయింట్ పైకి పొడుచుకొచ్చి అతుక్కున్న రేణువులను మాత్రమే పట్టి లాగేస్తుంది. గీత అంటే పెయింట్‌లో పడిన గాడి. ఆ గాడిలో క్లే చేయగలిగింది ఏమీ లేదు.

"పోయి రాండి మేడం, మూడు గంటల్లో అద్దం మాదిరి చేసి పెడతాం" అన్నారు. తాళం ఇచ్చి వచ్చేశాను. అక్కడే తప్పు జరిగింది.

స్కూలు రికార్డు కారులోనే మర్చిపోయానని గంటలోపే వెనక్కి వెళ్లాను. షట్టర్ ముందు ఎండలోనే కారు ఉంది. డోర్ల కింది అంచుల్లో మట్టి అలాగే ఉంది. అంటే సరిగ్గా కడగనే లేదు. ఒక పిల్లవాడు నీలం రంగు ముద్ద పట్టుకుని బానెట్ మీద గుండ్రంగా, బలంగా రుద్దుతున్నాడు. కిందనున్న స్ప్రే సీసాను అతను ముట్టుకోవడమే లేదు. బానెట్ పొడిగా ఉంది, ముద్ద కదిలినప్పుడల్లా గర్రుగర్రుమని శబ్దం వస్తోంది. నేను చూస్తుండగానే ముద్ద చేయి జారి సిమెంట్ నేల మీద పడింది. తీశాడు, ప్యాంటుకు తుడిచాడు, మళ్లీ బానెట్ మీద పెట్టాడు. ముద్దకు అంటిన ఇసుక రవ్వలు నేను నిలబడ్డ చోటికే కనిపిస్తున్నాయి. నా మనసు ఒప్పుకోలేదు. అయినా పని తెలిసినవాళ్లు కదా, నేనేం చెప్తాను అని రికార్డు తీసుకుని వచ్చేశాను. ఆ నిమిషంలో "ఆపండి" అని ఉంటే బానెట్ సగమైనా మిగిలేది.

సాయంత్రం పెట్రోల్ బంకులో లైట్ల కింద ఆపినప్పుడు చూశాను. బానెట్ నిండా సన్నని గీతలు, కుడి డోరు మీద రెండు లోతైనవి. మరునాడు వెళ్లి అడిగితే ఓనర్ ఏమన్నాడో వినండి. "అవి పాత గీతలే మేడం, మురికి పోయింది కదా, ఇప్పుడు బయటపడినాయి. పాలిష్ కొట్టి, పైన రక్షణకు సిరామిక్ కోటింగ్ వేస్తే పోతాయి. పద్దెనిమిది వేలు, మీకు పదహారుకు చేస్తాం."

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించండి. మురికి పోయాక పాత గీతలు కనిపించడం నిజంగానే జరుగుతుంది. అందుకే ఆ మాటకు చాలామంది నోరు మూసుకుంటారు. అయితే నా ఫోన్‌లో సంక్రాంతికి తీసిన ఫోటో ఉంది. బానెట్‌లో మా పాప మొహం, వెనక వేసిన ముగ్గు అద్దంలో కనిపించినట్టు కనిపిస్తున్నాయి. అది చూపిస్తే మాట మార్చి, ఐదు వందలు తగ్గిస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. బిల్లు అడిగితే ఇవ్వలేదు. ఫోన్‌పేలో కట్టిన రుజువు ఒక్కటే నా దగ్గర మిగిలింది. మీరు మాత్రం కారు ఇచ్చే ముందే నాలుగు వైపులా వీడియో తీసి పెట్టుకోండి, బిల్లు తీసుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించవచ్చు. నేనూ చేశాను.

మా చిన్నాన్న కొడుకు తిరుపతిలో కార్ల పెయింటింగ్ పని చేస్తాడు. వాడు వచ్చి టార్చి వేసి చూసి, "దుమ్ము పోకముందే రుద్దినారక్కా, తడి కూడా పెట్టలేదు" అన్నాడు. తర్వాత వాడు చెప్పినవన్నీ మీకోసం రాస్తున్నాను.

క్లే అంటే పేరుకు మట్టే గాని, అది జిగురులాంటి పదార్థంలో మెత్తని రాపిడి పొడి కలిపి చేసిన ముద్ద. పెయింట్‌కూ ముద్దకూ మధ్య జారుడు ద్రవం ఎప్పుడూ ఉండాలి. అది లేకపోతే ముద్దకు అంటిన ప్రతి రవ్వా గీత గీస్తుంది. షోరూమ్ నుంచి వచ్చే కారుకు పెయింట్ పొరలన్నీ కలిపి సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో పైనున్న రంగులేని మెరుపు పొర, అంటే క్లియర్ కోట్, 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందమే 70 దాకా ఉంటుంది. మెరుపంతా వెంట్రుక కన్నా పల్చని ఆ పొరలో ఉంది. గీతలు పోవాలని పాలిష్ కొట్టిన ప్రతిసారీ అందులోంచే కొంత అరిగిపోతుంది. అందుకే "గీతలు పడితే పాలిష్ కొడదాంలే" అనే షాపును నమ్మకండి.

ముందు అసలు క్లే అవసరమా అని చూసుకోవాలి. కారు బాగా కడిగి ఆరాక, కూరగాయల పల్చటి కవరులో చెయ్యి పెట్టి బానెట్ మీద నెమ్మదిగా జరపండి. గరుకు ఉంటే కవరు మీద నుంచి ఇంకా బాగా తెలుస్తుంది. నున్నగా జారితే డబ్బు దండగ చేసుకోకండి. గరుకున్నా ఏడాదికి ఒకసారి, మన ఎర్రగుంట్ల రోడ్డులాంటి చోట రెండుసార్లు, అంతకు మించి వద్దు. సిమెంట్ చుక్కలు గట్టిగా అతుక్కుని ఉంటే క్లేతో గీకకూడదు. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, కనపడని మూల ఒకసారి చూసుకుని, కాసేపు తడిపి, వెంటనే నీళ్లతో కడిగేయాలి. బ్రేకుల నుంచి వచ్చే ఇనుప రజను కరిగించడానికి వేరే స్ప్రే దొరుకుతుంది, ఇనుము తగిలినచోట ఊదారంగుకు తిరుగుతుంది. ఇవి అయ్యాకే క్లే.

షాపులో చేయించినా పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. సిగ్గుపడకండి. కారు నీడలో ఉందా, బానెట్ చల్లగా ఉందా చూడండి. మన ఎండలో జారుడు ద్రవం నిమిషంలో ఆరిపోతుంది, క్లే మెత్తబడి పెయింట్‌కే పూసుకుంటుంది. ముద్ద ఏ గ్రేడో, అంటే ఎంత గరుకుదో అడగండి. మామూలు కారుకు ఫైన్, అంటే మెత్తని రకం, చాలు. రంగు చూసి నమ్మొద్దు, ఏ రంగు ఏ గ్రేడో ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. కవరు లేని, కోసి పెట్టిన పాత ముక్క తెస్తే వద్దనండి. రెండడుగుల చోటు తీసుకుని, ధారాళంగా తడిపి, తేలిగ్గా, నిలువుగానో అడ్డంగానో జరపాలి, గుండ్రంగా తిప్పకూడదు. కాసేపటికోసారి ముద్ద తిప్పి చూసి, మురికి కనిపిస్తే మడిచి పిసికి శుభ్రమైన వైపు బయటికి తేవాలి. చివరగా పెయింట్‌ను కాపాడే వ్యాక్స్ వేయాలి, ఎందుకంటే పైనున్న పాత వ్యాక్స్ కూడా క్లేతో పోతుంది. నా కారుకు అదీ వేయలేదు. వారం తర్వాత వాన పడితే నీటి చుక్కలు జారకుండా అలాగే పరుచుకుని నిలిచాయి. మ్యాట్ ఫినిష్ (మెరుపు లేని పెయింట్) కారున్నవాళ్లు మాత్రం క్లే జోలికే పోవద్దు.

మా తమ్ముడు బానెట్‌ను మెషిన్‌తో ఒక్కసారి మెత్తగా పాలిష్ చేసి చాలావరకు బాగుచేశాడు. డోరు మీది రెండు గీతలను ముట్టుకోలేదు. "ఇంకా అరగదీస్తే పొర మిగలదక్కా" అన్నాడు. అవి అలాగే ఉన్నాయి.

పోయిన ఆదివారం పొద్దున ఆరింటికి, ఎండ రాకముందే, నేనే కొత్త క్లే కొని డిక్కీ తలుపు చేసుకున్నాను. సగం పని అయ్యేసరికి ముద్ద జారి వాకిట్లో పడింది. ఆరు వందలు పెట్టి కొన్నది, ఇంకా సగం కూడా అరగలేదు. మా ఆయన తీసి కడగబోతే వద్దని చెప్పి చెత్తబుట్టలో వేశాను.