మెట్టుగడ్డలో బోర్డు లేని స్కూటర్ షెడ్డు: కార్బొరేటర్ బండి ఉంటేనే వెళ్లండి

నారాయణపేట చీరలు ఇంటింటికీ తీసుకెళ్లి అమ్మడం నా పని. జడ్చర్ల, దేవరకద్ర, భూత్పూర్, ఎక్కడికైనా స్కూటర్ మీదే. అందుకే పాలమూరులో బండి ఎక్కడ బాగు చేయించాలని తెలిసినవాళ్లు నన్నే అడుగుతుంటారు. మెట్టుగడ్డ నుంచి లోపలి సందులోకి తిరిగితే ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు లేదు, బయట వేలాడే పాత టైర్లే గుర్తు. బీఎస్ 6, అంటే పొగ మీద కొత్త నిబంధనలతో వచ్చిన బండి ఉన్నవాళ్లు మాత్రం అటు పోవద్దు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చినవన్నీ దాదాపు ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు, అంటే పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బొరేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మేవి. వాటిని ఈ ఉస్తాద్ ముట్టుకోడు. నా ముందే ఒకామె కొత్త బండి తెస్తే, "అక్కా, గిది మిషిన్ పెట్టి చూసే బండి. నా కాడ గా మిషిన్ లేదు. కంపెనీకే తీస్కపో" అని తిప్పి పంపేశాడు. వచ్చిన బేరాన్ని వద్దనే మెకానిక్‌ను నేను అంతకుముందు చూడలేదు.

నాది 2016లో కొన్న యాక్టివా, 109 సీసీ. కాళ్ల దగ్గర ఎప్పుడూ రెండు చీరల మూటలు ఉంటాయి. సీటు కింద పెట్టను. ఇంజన్ వేడి, పెట్రోల్ వాసన పట్టిన చీరను ఎవరు కొంటారు? అంత బరువుతో ఇన్నేళ్లు తిరిగిన బండి అలిసిపోవడం మామూలే. అప్పన్నపల్లి బ్రిడ్జి ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తుంది గానీ బండి ముందుకు పోదు. చదునైన రోడ్డు మీద కూడా నలభై అయిదు దాటేది కాదు. ఆగి కదిలేటప్పుడు వెనక చక్రం దగ్గర గజగజ వణికేది. పొద్దున సెల్ఫ్ ఎంత నొక్కినా అందుకోదు, అందుకున్నాక కూడా రేజ్ వదిలితే ఆగిపోతుంది.

అంతకుముందు ఇంకో చోట చూపిస్తే, బండిని విప్పకుండానే కార్బొరేటర్ మొత్తం మార్చాలి, 2,800 అవుతుందన్నారు. ఈ షెడ్డులో అలా కాదు. ఉస్తాద్ ముందు హెల్మెట్ పెట్టుకుని బండి తీసుకుని ఒక రౌండ్ వెళ్లొచ్చాడు. వచ్చాక నన్ను అడిగిన మొదటి ప్రశ్న "బండి చాన్నాళ్లు ఊకె నిలబెడ్తవా?" అని. నిజమే. మూఢం వస్తే పెళ్లిళ్లు ఉండవు, చీరల బేరాలు ఉండవు, బండి ఇంట్లోనే ఉంటుంది. "రెండు రోగాలున్నయి, ఒకటి కార్బొరేటర్ల, ఒకటి బెల్ట్ కాడ. రెండింటినీ కలిపి చూస్తే ఏదీ దొరకదు" అన్నాడు. ఇంతకుముందు చూసినవాళ్లు చేసింది అదే.

కార్బొరేటర్ పని త్వరగానే అయిపోయింది. కింద గిన్నెలో పెట్రోల్ ఎండి జిగురులా పేరుకుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందుకే వారాల తరబడి బండి కదలకపోతే లోపల మరింత పాడవుతుంది. నిలకడ మీద ఇంజన్ ఆగకుండా పెట్రోల్ అందించే పైలట్ జెట్ రంధ్రం సూది మొనంత ఉంటుంది, అది మూసుకుపోయింది. చాలామంది అందులో తీగ పెట్టి గుచ్చుతారు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఇక ఎప్పుడూ పెట్రోల్ ఎక్కువే తాగుతుంది. ఈయన స్ప్రే కొట్టి, గాలి పట్టి, వెలుతురుకు ఎత్తి చూసి బిగించాడు. బండి నిలబెట్టే ముందు గిన్నె అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి పెట్రోల్ తీసేయమని, ఆ స్క్రూ ఎక్కడుందో నా చేత్తోనే తిప్పించి చూపించాడు.

అసలు పని ఎడమ పక్క మూత తీశాక మొదలైంది. గేర్లు లేని స్కూటర్‌లో ముందొక పుల్లీ, వెనకొక పుల్లీ, మధ్యలో బెల్ట్ ఉంటాయి. ముందు పుల్లీ లోపల ఆరు రోలర్లు. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ అవి బయటి అంచుకు జరిగి పుల్లీ పళ్లేన్ని నెడతాయి, బెల్ట్ పైకి లేస్తుంది, బండి వేగం అందుకుంటుంది. మనం కాలితో మార్చే గేర్ల పని అవే చేస్తాయన్నమాట. నా బండిలో ఆ ఆరూ ఒక పక్క అరిగిపోయి ఉన్నాయి. ఒకటి నా చేతిలో పెట్టి, "గిది గుండ్రంగ ఉండాలె. చప్పటైంది. దొర్లదు, ఆడ్నే కూసుంటది" అన్నాడు. బెల్ట్ కూడా అరిగి సన్నబడింది. కొత్త బెల్ట్ పక్కన పెడితే తేడా నాకే కనిపించింది. సన్నబడిన బెల్ట్ పుల్లీలో పైదాకా లేవదు, స్పీడు అక్కడే ఆగిపోతుంది. వెనక పుల్లీ తిప్పే బలాన్ని చక్రానికి అందించే క్లచ్ షూస్ మీద అద్దంలా మెరుపు వచ్చింది. వణుకు అక్కడిదే. వాటిని మార్చమంటాడనుకున్నాను. గరుకు కాగితంతో రుద్ది, "ఇంకో ఏడాది ఇస్తయి" అని అవే బిగించాడు.

ఇక్కడ ఒకటి గమనించాను. ముందు పుల్లీ నట్ విప్పాలంటే పుల్లీ తిరగకుండా పట్టి ఉంచాలి. దాని ముందు వైపు చల్లదనానికి ఫ్యాన్ రెక్కలుంటాయి. వాటి మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి నట్ విప్పడం చాలాచోట్ల చూశాను, ఒక్క రెక్క విరిగినా పుల్లీ కొత్తది కొనాల్సిందే. ఈయన దగ్గర దానికని వేరే పట్టుకునే టూల్ ఉంది. కుర్రాడు తొందరపడి స్క్రూడ్రైవర్ తీస్తే చెయ్యి మీద ఒకటి వేశాడు. మీరు ఏ షెడ్డుకు వెళ్లినా ఈ నట్ ఎలా విప్పుతున్నారో నిలబడి చూడండి.

ఆయిల్ సంగతి కూడా తెలిసిన మనిషి. స్కూటర్ క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండదు కాబట్టి డబ్బా మీద ఎంబీ అని ఉన్న 10డబ్ల్యూ-30 పోస్తాడు, మోటార్‌సైకిళ్లకు వాడే ఎంఏ ఆయిల్ కాదు. వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ అని వేరే ఉంటుంది, చిన్న టీ కప్పంత. నా బండికి దాన్ని ఎవరూ మార్చినట్టు లేదు, నల్లగా కారింది. ఎయిర్ ఫిల్టర్‌కు గాలి కొట్టి మళ్లీ పెట్టలేదు. అది నూనె పట్టించిన పేపర్, శుభ్రం చేసేది కాదు, మార్చేదే.

బెల్ట్ 620, రోలర్లు 240, వాటి పక్కన ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కలు 60, ఎయిర్ ఫిల్టర్ 230, ప్లగ్ 110, ఇంజన్ ఆయిల్ 420, గేర్ ఆయిల్ 70, మజూరీ 500. మొత్తం 2,250. కార్బొరేటర్ ఒక్కదానికే 2,800 అడిగారని చెబితే నవ్వి ఊరుకున్నాడు. తీసేసిన సామాను కవర్లో వేసి అడగకుండానే ఇచ్చాడు. ఇప్పుడు రెండు మూటలతో అప్పన్నపల్లి బ్రిడ్జి లారీల వెనక నక్కకుండా ఎక్కుతున్నాను, పొద్దున సెల్ఫ్ ఒక్క నొక్కుకే అందుకుంటోంది.

అంతా బాగుందని చెప్పను. సాయంత్రం అయిదుకు రమ్మంటే ఏడున్నరకు కూడా మూత బిగించలేదు. ఫోన్ ఎత్తడు. బిల్లు ఇవ్వడు, పాత క్యాలెండర్ వెనక లెక్క రాసి చూపిస్తాడంతే, వారంటీ గురించి అడిగితే "నేనిక్కడ్నే ఉంట కద అక్కా" అంటాడు. కూర్చోవడానికి ఒక్క కుర్చీ, దాని మీద ఎప్పుడూ ఎవరిదో పెట్రోల్ ట్యాంకో, సైలెన్సరో. ఆడవాళ్లు గంటలు గంటలు ఆ సందులో నిలబడటం ఇబ్బందే. నేనైతే బండి వదిలేసి ఆటోలో ఇంటికి పోయి, పని మధ్యలో వచ్చి చూసి పోయాను. బ్రేకుల సంగతి మాత్రం చెబితేనే చూస్తాడు. వెనక బ్రేక్ వదులుగా ఉందని గుర్తు చేశాకే బిగించాడు. ఇది నాకు నచ్చలేదు. సర్వీసింగ్ అంటే బ్రేకులు అడగకుండానే చూడాలి.

శుక్రవారం మధ్యాహ్నం నమాజ్ టైమ్‌కు షట్టర్ వేసి ఉంటుంది, ఆదివారం సగం రోజే. పొద్దున పదిలోపు బండి అప్పజెప్పి, మీరు చూసిన లోపాలన్నీ బ్రేకులతో సహా ఒక చీటీ మీద రాసి హ్యాండిల్‌కు కట్టి రండి. ఆ చీటీ చదివాకే పని మొదలుపెడతాడు. మధ్యాహ్నం దాటాక వెళితే మర్నాటికి అనుకోండి.