పొడిబారిన కళ్లకు చుక్కలా, కాపడమా?

ఎండాకాలంలో తిరుపతి వీధుల్లో బైక్ మీద తిరిగేవారికైనా, రోజంతా ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేవారికైనా కళ్లలో ఇసుక పడ్డట్టు గరగరలాడితే మొదట గుర్తొచ్చేది మందుల షాపులో దొరికే కన్నీటి చుక్కలే. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ వంటి పదార్థంతో చేసిన ఈ చుక్కలు వెంటనే హాయినిస్తాయి గాని, ఆ హాయి కొద్దిసేపే ఉంటుంది. రోజుకు 4 సార్లకు మించి వేసుకోవలసి వస్తే, కొన్ని సీసాల్లో నిల్వ కోసం కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ కంటిపొరకు చేటు చేయవచ్చు కనుక, అది లేని రకాన్నే ఎంచుకోవాలి.

కాపడం సంగతి వేరు. కన్నీరు త్వరగా ఆవిరి కాకుండా కాపాడే నూనెపొరను రెప్పల అంచున ఉండే మైబోమియన్ గ్రంథులు స్రవిస్తాయి. అవి పూడుకుపోయినప్పుడు ఎన్ని చుక్కలు వేసినా అసలు లోపం అలాగే ఉంటుంది. సుమారు 40 డిగ్రీల వెచ్చదనం గల తడిగుడ్డను మూసిన రెప్పలపై 5 నుంచి 10 నిమిషాలు ఉంచి, ఆపై రెప్పలను మెల్లగా మర్దన చేస్తే గడ్డకట్టిన నూనె కరుగుతుంది. గుడ్డ త్వరగా చల్లారుతుంది, మళ్లీ మళ్లీ ముంచాలి. చాలామంది మానేసేది ఇక్కడే.

నూనె పూడిక ఉన్నవారికి నా మొగ్గు కాపడం వైపే, చుక్కలు తోడుగా. కన్నీరే తక్కువగా ఊరేవారికి మాత్రం చుక్కలే ముఖ్యం. ఆ కొరతను వైద్యులు షిర్మర్ పరీక్షలో కింది రెప్పకు 5 నిమిషాలు తగిలించిన కాగితపు పట్టీ ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూసి అంచనా వేస్తారు.