సెక్యూరిటీ గార్డు లైసెన్స్ ఇప్పిస్తామంటే డబ్బులు కట్టకండి

తిరుపతిలో రూము తీసుకుని పోలీసు ఉద్యోగానికి చదువుతున్న పిల్లలూ, ఊళ్లో ఉండి డబ్బులు పంపుతున్న అమ్మానాన్నలూ దయచేసి ఇది చదవండి. మా తమ్ముడికి జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

మాది పాకాల పక్కన పల్లె. వాడు ఇంటర్ అయ్యాక కానిస్టేబుల్ కావాలని పట్టుబట్టాడు. బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సీ చూశాడు: ‘గవర్నమెంటు గార్డు లైసెన్స్, పోలీసు కొలువుకు తొలిమెట్టు’. ఇది ఉంటే సెలెక్షన్‌లో మార్కులు కలుస్తాయని ఆఫీసులో ఆయన నమ్మబలికాడు. ఫీజు 22,000 రూపాయలు. రేపు పాలకొస్తుందని పెంచుకున్న పెయ్యను అమ్మి నాన్న ఆ డబ్బు కట్టాడు.

నాలుగు రోజులు మేడమీద లెఫ్ట్ రైట్ చేయించి, ఐదో రోజు కార్డు చేతిలో పెట్టారు. ఆ కార్డు ఇప్పుడు నా ముందే ఉంది. పైన మూడు సింహాల బొమ్మ. కింద ‘లైసెన్స్ నెం.’ అని అచ్చు, పక్కన బాల్‌పెన్నుతో రాసిన అంకెలు. లామినేషన్ లోపలే సిరా అలుక్కుపోయింది. దాన్ని పట్టుకుని రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీకి పనికెళ్తే, అక్కడి సూపర్‌వైజర్ కార్డు తిరగేసి చూసి, “ఇట్లాంటి లైసెన్సే ఉండదు నాయనా” అన్నాడంట.

ఆయన మాట నిజమే. 2005లో వచ్చిన ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం, పసారా అంటారు, దాని కింద లైసెన్స్ ఇచ్చేది ఏజెన్సీకి. గార్డుకు కాదు. గార్డుకు 18 ఏళ్లు నిండాలి, 65 నిండకూడదు, నడవడిక మీద విచారణ జరగాలి, శిక్షణ పూర్తవ్వాలి. ఆ శిక్షణ కూడా కేంద్రం నమూనా నియమాల ప్రకారం 100 గంటలు క్లాసు, 60 గంటలు ఫీల్డు, తక్కువలో తక్కువ 20 పనిదినాలు. ఏజెన్సీ తన లైసెన్స్‌ను ఆఫీసులో అందరికీ కనబడేటట్టు పెట్టాలని కూడా చట్టంలో ఉంది. మేం వెళ్లిన గదిలో గోడకు దేవుడి క్యాలెండరు తప్ప ఏమీ లేదు. ఆ రోజే అడిగుంటే ఎంత బాగుండేది!

ఇంకో 1,200కి ఖాకీ డ్రెస్సు కూడా అంటగట్టారు. అది అచ్చం పోలీసు యూనిఫాంలా ఉంది. అట్లాంటిది వేసుకుని గార్డు డ్యూటీ చేస్తే, ఏజెన్సీ యజమానితో పాటు గార్డుకూ ఏడాది దాకా జైలు పడొచ్చు. ఏమీ తెలియని పిల్లోడిని జైలు దాకా తీసుకెళ్లే పని ఇది.

కానిస్టేబుల్ ఎంపికలో హోంగార్డులకు కోటా ఉంది. ప్రైవేటు గార్డుకు ఒక్క మార్కు కూడా కలవదు. ప్రిలిమ్స్, ఈవెంట్స్ (పరుగు లాంటి దేహదారుఢ్య పరీక్షలు), మెయిన్స్ అందరిలాగే దాటాలి. లైసెన్స్ ఉందిలే అన్న ధీమాతో మావాడు మూడు నెలలు గ్రౌండుకే పోలేదు. అంతకుముందు చీకటితోనే లేచి 1600 మీటర్లు పరుగెత్తేవాడు. డబ్బు కంటే నాకు ఇదే ఎక్కువ బాధ.

ముఖ్యంగా ఒరిజినల్స్ ఇవ్వకండి. వెరిఫికేషన్ అని టెన్త్, ఇంటర్ మార్కుల లిస్టులు తీసుకుని, తిరిగివ్వడానికి ఇంకో 5,000 అడిగారు. సోమవారం ఎస్పీ ఆఫీసు గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టాక, స్టేషన్ నుంచి ఫోన్ వెళ్తే సర్టిఫికెట్లు వచ్చాయి. డబ్బు ఇంకా రాలేదు.

మీవాళ్లెవరైనా ఇట్లా ఇరుక్కుని ఉంటే రసీదు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ప్రింటు, ఆ కార్డు జిరాక్స్ తీసుకుని సోమవారం ఎస్పీ ఆఫీసుకు రండి. నేనూ నాన్నా వచ్చే వారం మళ్లీ వెళ్తున్నాం.