పొందూరు పంచె జారదు, కానీ గంజి జోలికి వెళ్లకండి

శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ గురించి ఎవరు మాట్లాడినా వాలుగ చేప దవడ దగ్గరే మొదలుపెడతారు. దానితో పత్తి దువ్వడం, ఒంటి కదురు రాట్నం, 100 కౌంట్ నూలు (అంటే చాలా సన్నటి దారం), ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. చాలా ఏళ్లుగా పండక్కీ, వ్రతానికీ, తద్దినానికీ అదే పంచె కడుతున్నవాడిగా నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: ఇది జారదు. గోచీ పోసి వెనక దోపి, ముందు కుచ్చెళ్లు బొడ్డు దగ్గర దోపానంటే మళ్లీ విప్పేదాకా చెయ్యి వెయ్యక్కర్లేదు.

మిల్లు పంచెలతో నాకు ఈ సుఖం ఎప్పుడూ లేదు. మిల్లు నూలు నున్నగా ఉంటుంది. కూర్చుని లేచిన ప్రతిసారీ నడుం దగ్గర కాస్త వదులవుతుంది, చివరికి పైన బెల్టు పెట్టుకోవాల్సి వస్తుంది. చేతి నూలు ఒకే లావున రాదు. పంచెని వెలుతురుకి పట్టి చూస్తే సన్నం, లావు తెలుస్తాయి. అక్కడక్కడ చిన్న ఉండలు, పైన కనీకనపడని నూగు. ఆ కాస్త గరుకే మడత మీద మడతని పట్టి ఉంచుతుంది.

దీని విలువ నాకు పూర్తిగా తెలిసింది నాన్నగారి తద్దినం నాడు. తద్దినం పెట్టేవాళ్లకి తెలుసు, ఆ రోజు పంచె సర్దుకునే వీలుండదు. ఉంగరం వేలికి దర్భ పవిత్రం, అరచేతిలో నువ్వులూ నీళ్లూ. భోక్తల కాళ్లు కడగడానికి వంగాలి, లేవాలి, ప్రదక్షిణ చెయ్యాలి, ఎడమ మోకాలు నేలకి ఆన్చి కూర్చోవాలి. జంధ్యం సవ్యం, అపసవ్యం మార్చుకోవడంతోనే సరిపోతుంది. ఆ ఏడు శ్రావణంలో ముసురు పట్టింది. మడిగా ఆరేసిన పంచె ఆరుతుందో లేదో అని రాత్రంతా టెన్షన్. సన్న నేత కాబట్టి చాలావరకు ఆరింది గానీ నడుం భాగం, అంచులు ఇంకా చెమ్మగానే ఉన్నాయి. కర్రతో తీసుకుని అలాగే కట్టేశాను. ఇక రోజంతా అవస్థేననుకున్నాను. జరిగింది వేరు. చెమ్మకి మడతలు ఒకదానికొకటి అతుక్కుని పట్టు ఇంకా పెరిగింది. హోమం అయ్యేసరికి పంచె ఒంటిమీదే ఆరిపోయింది, పిండాలు పెట్టేటప్పటికి పొద్దున కట్టిన కుచ్చెళ్లు కట్టినట్టే ఉన్నాయి. పక్కన కూర్చున్న బాబాయి, "ఏరా, పంచె కుట్టించుకున్నావా?" అని అడిగాడు. కర్మ మీద తప్ప బట్ట మీద ధ్యాస పోని తద్దినం నాకు అదే మొదటిది. మధ్యలో ఒక నిప్పురవ్వ తొడ మీద పడింది. చిన్న చిల్లు పడి, చుట్టూ నల్లబడి, దులిపితే బూడిదై రాలింది. అదే పాలిస్టర్ కలిసిన పంచె అయితే కరిగి ఒంటికి అతుక్కునేది. అగ్ని ముందు కూర్చునేవాళ్లు ఈ ఒక్క విషయమైనా చూసుకుని కొనాలి.

అయితే జారదు అన్నది గంజి పెట్టని పంచె సంగతి. మేనకోడలి పెళ్లికి దర్జాగా ఉంటుందని ఇస్త్రీ షాపులో గంజి పెట్టించాం, వాళ్లు బాగా దట్టించారు. చూడటానికి అద్భుతంగా ఉంది, ఫొటోల్లో అంచు గీత గీసినట్టు వచ్చింది. కానీ నూగంతా గంజి కింద అణిగిపోయింది. ముడి బిగియలేదు, కుచ్చెళ్లు నడుం దగ్గర విడివిడిగా నిలబడ్డాయి. పెళ్లికూతురు బుట్ట పట్టుకునే మేనమామకి రెండు చేతులూ కావాలి కదా. మండపం దాకా గుండె దడదడలాడుతూనే నడిచాను. తర్వాత అలాగే మడతపెట్టి బీరువాలో ఉంచితే ఆ మడత గీత వెంబడే దారాలు తెగడం మొదలైంది. అప్పట్నుంచి చేత్తో ఉతికి, నీడలో ఆరేసి, కొద్దిగా తడి ఉండగా చేత్తోనే సాగదీసి మడతపెడుతున్నాం.

ఇంకొన్ని ఉన్నాయి. నేత పల్చన కాబట్టి లోపల షార్ట్స్ తప్పనిసరి. అరగంట కూర్చుంటే నలుగుతుంది, నలగని ఖాదీ నేను చూడలేదు. ధర వేలల్లో ఉంటుంది. గాంధీ జయంతికి ఇచ్చే రిబేటు దాకా ఆగగలిగితే కొంత తేలిక. అసలైన ఖాదీ అని చెప్పే ఖాదీ మార్క్ ట్యాగ్ ఉందో లేదో చూడకుండా మాత్రం తీసుకోవద్దు.

నేను సన్నగా ఉంటాను, ఏడాదికి నాలుగైదు సందర్భాల్లోనే కడతాను, ఇంట్లో చేత్తో ఉతికే ఓపిక ఉంది. పీటల మీద గంటల తరబడి కూర్చునే పనైతే ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు. రిసెప్షన్‌లో నిలబడి ఫొటోలు దిగడానికే అయితే, జరీ అంచు మంగళగిరి పంచె తక్కువ ఖర్చులో ఎక్కువ కళగా ఉంటుంది. మా తమ్ముడు అదే కడతాడు, వాడికి అదే నప్పుతుంది.